మీరు చేయని కాల్‌కు బిల్లు వస్తే: దొంగ డయలర్‌ను ఆపడం, పట్టడం, డబ్బు అడగడం

2003లో నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో నాకో చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ల్యాండ్‌లైను, ఆ లైను మీద నంబరు డయల్ చేసి ఇంటర్నెట్ కలిపే ఒక మోడెం. లైను కలిసేటప్పుడు మోడెం పెట్టే కీచుగొంతు పక్కనున్న టీ కొట్టు దాకా వినిపించేది. ఒకరోజు అది మూగబోయింది. స్పీకరు పోయి ఉంటుంది, పోతే పోయిందిలే అని సంతోషించాను కూడా. రెండు నెలల బిల్లు చేతికొచ్చాక ఆ సంతోషం దిగిపోయింది. ఎవరో కుర్రవాడు పాటల కోసం దించుకున్న ఫైలు ఒకటి ముందు మోడెం స్పీకరు నోరు నొక్కింది. తర్వాత మేము రోజూ డయల్ చేసే లోకల్ నంబరును తీసేసి, దాని చోట విదేశీ నంబరు పెట్టింది. తెర మీద ఏ తేడా లేదు. పేజీలు ఎప్పటిలాగే నత్తనడకన వచ్చేవి. నేను గంటకు పాతిక రూపాయలు తీసుకుంటూ, అంత సొమ్మును నిమిషాల్లో ఖర్చు పెట్టే వ్యాపారం చేశాను.

అలాంటి దొంగ ఫైళ్లను డయలర్లు అంటారు. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ జాతి అంతరించింది. బ్రాడ్‌బ్యాండ్ ఏ నంబరుకూ డయల్ చేయదు కదా. కానీ ఆ విద్య చావలేదు, మోడెం నుంచి జేబులోని ఫోనులోకి మారింది. 2010లో విండోస్ మొబైల్ ఫోన్లలో ఉగ్రవాదులను వేటాడే ఆట ఒకటి చెలామణీ అయింది. దాన్ని విప్పి, లోపల దొంగ కోడ్ కుట్టి, ఉచితంగా పంచారు. ఆ ఫోన్లు యజమానికి తెలియకుండా సోమాలియా, డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల నంబర్లకు కాల్స్ చేశాయి. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో మీడియా ప్లేయర్ వేషంలో వచ్చిన మరొకటి రష్యాలో ఖరీదైన నంబర్లకు ఎస్‌ఎంఎస్‌లు పంపింది. 2017 నుంచి ‘జోకర్’ అనే దొంగ యాప్‌ల కుటుంబం కాల్ చేయడం కూడా మానేసి, మీ పేరుతో చందా సేవలకు తానే చేరిపోవడం మొదలుపెట్టింది. 2020 జనవరి నాటికి ఈ ఒక్క కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగించామని గూగుల్ ప్రకటించింది.

ఇప్పుడు నేను ఫోన్లు బాగుచేస్తాను. బిల్లు పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది, “అన్నా, మంచి యాంటీవైరస్ ఏదైనా వేస్తావా?” అని. అది మొదటి పని కాదు. చెరువు తూము తెరిచి ఉండగా అడుగున బురద ఎత్తుతూ కూర్చుంటే నీళ్లు ఆగవు. ఈ దొంగతనంలో తూము ఫోనులో లేదు, టెలికాం కంపెనీ దగ్గర ఉంది. అందుకే కింద చెప్పిన వరుసను మార్చకండి.

డబ్బు ఎటు పోతుంది

ఒక దేశం నుంచి మరో దేశానికి కాల్ వెళ్తే, కాల్ అందుకున్న కంపెనీకి పంపిన కంపెనీ నిమిషానికి ఇంత అని కట్టాలి. కొన్ని దేశాల నంబర్లకు ఈ రేటు చాలా ఎక్కువ. దొంగ అక్కడి నంబర్లను కొన్నింటిని దళారుల దగ్గర అద్దెకు తీసుకుంటాడు. వాటికి ఎన్ని నిమిషాల కాల్స్ వస్తే అతనికి అంత వాటా. అవతల ఎవరో ఎత్తి మాట్లాడాల్సిన పని కూడా లేదు, రికార్డు చేసిన పాట మోగుతున్నా నిమిషాలు నిమిషాలే. చాలాసార్లు ఆ కాల్ అసలు ఆ దేశం చేరదు. దారి మధ్యలో ఏదో ఒక కంపెనీ దాన్ని ఆపి, చేరినట్టు లెక్క రాస్తుంది. బిల్లులో సోమాలియా అని ఉన్నంత మాత్రాన దొంగ సోమాలియాలో ఉన్నాడని అనుకోవద్దు.

మీ కంపెనీ తన వాటాను అప్పటికే బయటకు చెల్లించి ఉండవచ్చు. డబ్బు తిరిగి అడిగినప్పుడు వాళ్లు ఎందుకు మొరాయిస్తారో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఆలస్యమైన ప్రతి రోజూ మీ వాదన బలం తగ్గేది కూడా ఇందుకే.

మొదటి పని: తూము మూయడం

అనుమానం వచ్చిన క్షణంలో ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసేయండి. ఇంట్లో ఏదో డబ్బాలో పాత కీప్యాడ్ ఫోను ఉంటుంది, సిమ్‌ను అందులో వేయండి. ఆ ఫోను నుంచే కంపెనీ కస్టమర్ కేర్‌కు కాల్ చేసి, “నా నంబరుకు ఐఎస్‌డీ, అంటే విదేశాలకు కాల్ చేసే సౌకర్యం, పూర్తిగా ఆపండి” అని అడగండి. అనుమానం ఉన్న ఫోను నుంచి ఈ కాల్ ఎందుకు చేయకూడదంటే, చెడ్డ యాప్ కాల్‌ను తెంచగలదు, కస్టమర్ కేర్ పంపిన ఎస్‌ఎంఎస్‌ను మీకు కనబడకుండా చెరిపేయగలదు.

ప్రీపెయిడ్ వాళ్లకు ఇక్కడ కొంత అదృష్టం ఉంది. నెలసరి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో సాధారణంగా విదేశీ కాల్స్ ఉండవు, వాటికి మెయిన్ బ్యాలెన్స్ నుంచే డబ్బు కోయాలి. మెయిన్ బ్యాలెన్స్ సున్నా అయితే దొంగ చేసిన కాల్ కలవదు. కాబట్టి అవసరం లేకుండా టాక్‌టైమ్ వేసి ఉంచకండి. పోస్ట్‌పెయిడ్ వాళ్లది తలుపు లేని ఇల్లు. వాళ్లు ఐఎస్‌డీ ఆపించడంతో పాటు, ఖర్చు పరిమితిని కూడా తక్కువ మొత్తానికి కుదించమని అడగాలి.

చందా సేవల పేరుతో డబ్బు కోసుకుపోతుంటే 155223కు కాల్ చేయండి. ఇలాంటి అదనపు సేవలను ఆపించుకోవడానికి అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టించిన నంబరు ఇది. ఇలాంటి సేవ మొదలుపెట్టే ముందు వినియోగదారు రెండుసార్లు ఒప్పుకోవాలని ట్రాయ్ 2013లో ఆదేశించింది. మీ నోటిఫికేషన్లు, ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి దొరికిన యాప్ ఆ రెండో ఒప్పుకోలును కూడా మీ తరఫున ఇచ్చేస్తుంది.

తర్వాత *#21# డయల్ చేసి చూడండి. మీ కాల్స్ మరో నంబరుకు మళ్లి ఉంటే అక్కడ తెలుస్తుంది. అలా మళ్లిన కాల్ రెండో సగం ఖర్చు మీ ఖాతాలోనే పడుతుంది. ఓటీపీ చదివి వినిపించే కాల్స్ కూడా అటే పోతాయి. ##002# డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. పని చేయకపోతే కస్టమర్ కేర్‌తోనే రద్దు చేయించండి. ఒక జాగ్రత్త: ఫోను అందుబాటులో లేనప్పటి మళ్లింపును చూపే *#62# కొట్టినప్పుడు తెలియని నంబరు కనిపించిందని కంగారుపడి నా దుకాణానికి పరుగెత్తుకొచ్చినవాళ్లున్నారు. మిస్డ్ కాల్ సమాచారం పంపడానికి కంపెనీయే పెట్టుకున్న నంబరు అది కావచ్చు. ముందు ఆ సంగతి కంపెనీని అడగండి.

రెండో పని: ఫోను మాట నమ్మకుండా లెక్క తెప్పించడం

అందరూ కాల్ లాగ్ చూసి, “ఇందులో ఏమీ లేదు కదా” అంటారు. ముద్దాయినే సాక్షిగా పిలిస్తే అదే చెబుతుంది. చెడ్డ యాప్‌కు కాల్ చేసే అనుమతితో పాటు కాల్ లాగ్ అనుమతి కూడా దొరికితే, కాల్ ముగియగానే ఆ వరుసను చెరిపేస్తుంది. కంపెనీ దగ్గరున్న లెక్కను మాత్రం అది చెరపలేదు.

పోస్ట్‌పెయిడ్ వాళ్లు కాల్ వారీ వివరాలున్న బిల్లు అడగాలి. ప్రీపెయిడ్ వాళ్లకు ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు. 50 రూపాయలకు మించని రుసుముతో గత ఆరు నెలల వాడకం వివరాలు కోరవచ్చు. కంపెనీ దుకాణంలో కూర్చున్న కుర్రవాడు “అలాంటిది లేదు సార్” అంటే, వినియోగదారుల రక్షణకు ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల్లో ఉందని చెప్పండి. గొంతు పెంచాల్సిన పని లేదు. రాతపూర్వకంగా ఇవ్వమంటే చాలు, అతనే లోపలికి వెళ్లి అడిగి వస్తాడు.

కాగితం వచ్చాక పెన్సిల్ తీసుకోండి. నంబర్లను తర్వాత చూడవచ్చు, ముందు వేళలు చూడండి. అర్ధరాత్రి దాటాక, మీరు నిద్రలో ఉండగా వెళ్లిన కాల్స్‌కు గీత గీయండి. ఒకే నిడివితో వరుసగా వెళ్లినవి, చివరి రెండు మూడు అంకెలు మాత్రమే మారుతూ వెళ్లినవి మనిషి చేసేవి కావు.

ఇక నంబర్లు. మనకు నల్లగొండ 08682, మహబూబ్‌నగర్ 08542 అని ఎస్‌టీడీ బూతుల కాలం నుంచి నోటికి వచ్చు. అదే అలవాటుతో దేశాల కోడ్లు చూడాలి. 00తో గానీ, ప్లస్ గుర్తు తర్వాత 91 కాని అంకెలతో గానీ మొదలైతే అది విదేశీ కాల్. 252 సోమాలియా, 222 మారిటేనియా, 232 సియెరా లియోన్, 371 లాట్వియా. 881, 882, 883 అయితే ఏ దేశానివీ కావు, ఉపగ్రహ, అంతర్జాతీయ నెట్‌వర్క్‌లవి. అన్నిటికంటే మాయ చేసేది 1. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో 1 కనిపిస్తే మనవాళ్లే అనుకుంటారు. అయితే ఆ 1 తర్వాత 809 ఉంటే డొమినికన్ రిపబ్లిక్, 876 ఉంటే జమైకా, 473 ఉంటే గ్రెనడా. ఆ మూడు అంకెలూ చూడకుండా ఏమీ తేల్చకండి.

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. “బిడ్డా, నేను ఎవరికీ చేయలేదు, వచ్చిన దానికే మళ్లీ చేశాను” అంది. ఆ ఒక్క మాటలో రోగం తెలిసిపోయింది. ఆమె ఫోనులో ఏ యాప్ తప్పూ లేదు. రాత్రి ఒక రింగ్ ఇచ్చి పెట్టేశారు, కొడుకేమోనని ఆమె తిరిగి చేసింది. జపనీస్‌లో దీన్ని ‘వన్‌గిరి’ అంటారు, ఒకసారి మోగించి తెంచడం అని అర్థం. సాఫ్ట్‌వేర్ రాసే శ్రమ కూడా లేకుండా మన వేలినే డయలర్‌గా వాడుకునే పద్ధతి. వలస వెళ్లినవాళ్ల కోసం రాత్రుళ్లు ఫోను వైపు చూసే ఇళ్లు పాలమూరు పల్లెల్లోనూ తక్కువ లేవు. కాబట్టి కాగితంలో విదేశీ కాల్‌కు కొద్ది నిమిషాల ముందు అదే నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చిందా అని ఇంట్లో అందరినీ అడగండి. వచ్చి ఉంటే మూడో పని అవసరం లేదు, నేరుగా నాలుగో పనికి వెళ్లండి. కొడుకు నంబరును పేరుతో సేవ్ చేసి, పేరు కనిపించకపోతే తిరిగి చేయవద్దని పెద్దమ్మకు చెప్పాను. ఐఎస్‌డీ కూడా ఆపించాను. కొడుకు చేసే కాల్స్ రావడానికి ఐఎస్‌డీ అక్కర్లేదు.

మూడో పని: దొంగను వెతకడం

సిమ్ లేని ఫోనును వైఫైకి కలపకుండానే తెరవండి. పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారినా, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో వెతకాల్సిన చోట్లు ఇవే.

యాప్‌ల పూర్తి జాబితా తెరవండి. ముందు తెర మీద బొమ్మ లేని యాప్ కూడా ఇక్కడ కనిపిస్తుంది. పేరు ఖాళీగా ఉన్నవి, ‘సెట్టింగ్స్’, ‘అప్‌డేట్’ వంటి అధికారిక పేర్లు రెండోసారి కనిపించినవి, గొడవ మొదలవడానికి కొద్ది రోజుల ముందు చేరినవి కాగితం మీద రాసుకోండి. మన ప్రాంతంలో నాకు తరచూ దొరికేవి వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించేవి. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేరుతో వస్తాయి. పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, దాన్ని ఫోనులో ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం ఏ పెళ్లివారికీ ఉండదు.

తర్వాత అనుమతుల పేజీకి వెళ్లి ఫోన్, ఎస్‌ఎంఎస్, కాల్ లాగ్ అనే మూడు గదులు తెరవండి. టార్చ్ లైటుకు కాల్ చేసే అనుమతి ఎందుకు? వాల్‌పేపర్‌కు ఎస్‌ఎంఎస్ ఎందుకు? జవాబు లేని ప్రతి అనుమతినీ తీసేయండి. ప్రత్యేక అనుమతులు అనే విభాగంలో ‘ప్రీమియం ఎస్‌ఎంఎస్’ అని ఒకటుంది, అందులో ఏ యాప్‌కూ ‘ఎల్లప్పుడూ అనుమతించు’ అని ఉండకూడదు. అక్కడే నోటిఫికేషన్లు చదివే అనుమతి, ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి, తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి కూడా చూడండి. చివరిదాన్ని వాట్సాప్‌కు, బ్రౌజరుకు తప్పనిసరిగా ఆపేయండి.

యాక్సెసిబిలిటీ దగ్గర ఎక్కువసేపు ఆగండి. చూపు, వినికిడి లోపం ఉన్నవారి కోసం పెట్టిన ఆ సదుపాయం యాప్‌కు తెర మీద ఉన్నదంతా చదివే, మీ బదులు బటన్లు నొక్కే శక్తినిస్తుంది. మీరు పెట్టుకోనిది ఏదైనా అక్కడ వెలుగుతుంటే దాదాపు దొంగ దొరికినట్టే.

అన్‌ఇన్‌స్టాల్ బటన్ వెలిసిపోయి నొక్కుడు పడకపోతే, ఆ యాప్ డివైస్ అడ్మిన్ పదవిలో కూర్చుందన్నమాట. భద్రత విభాగంలో డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితాకు వెళ్లి ముందు పదవి నుంచి దించండి, తర్వాత తీసేయండి. దించబోతే తెర మూసేసే మొండివి కూడా ఉంటాయి. అప్పుడు సేఫ్ మోడ్ వాడాలి. పవర్ బటన్ నొక్కి, తెర మీద వచ్చే ‘పవర్ ఆఫ్’ మీద వేలు అలాగే ఉంచితే చాలా ఫోన్లు సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతాయి. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు, కాబట్టి దొంగ కాళ్లు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. అక్కడి నుంచి తీసేయండి.

ఇంతా చేసి నమ్మకం కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్. ఫొటోలు, కాంటాక్టులు దాచుకోండి, యాప్‌లను మాత్రం దాచుకోకండి. రీసెట్ తర్వాత అన్నింటినీ ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా వేసుకోవాలి. మా వృత్తిలోవాళ్లం చేసే తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి: కొందరు రీసెట్‌కు బదులు ఎక్కడి నుంచో దించిన ఫర్మ్‌వేర్, అంటే ఫోనును నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తారు. అది ఫోను తయారీ సంస్థ నుంచి కాకపోతే పాత దొంగను తరిమి కొత్తవాణ్ని కూర్చోబెట్టినట్టే. ఫోను ఇచ్చే ముందు అడగండి. ‘వైరస్ ఉంది, ఇప్పుడే శుభ్రం చేయండి’ అని వెబ్ పేజీలో మెరిసే ప్రకటన నుంచి క్లీనర్ యాప్ వేసుకోవడం కూడా ఇలాంటిదే. ఫోను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ నిజంగా ఉచితంగా కావాలంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

ఐఫోన్‌లో యాప్ మిమ్మల్ని అడగకుండా కాల్ కలపలేదు. అక్కడ బిల్లు పెరిగితే ముందు చందాలను, వన్‌గిరిని అనుమానించండి. చవక కీప్యాడ్ ఫోను విషయం వేరు. ఊరూపేరూ లేని కొన్ని ఫోన్లలో తయారైనప్పుడే దొంగ కోడ్ చేరి ఉంటుంది. దాన్ని తీసే దారి వినియోగదారుకు లేదు. మీరు పంపకుండానే ఎస్‌ఎంఎస్‌లు ఖర్చవుతున్నాయని లెక్కలో కనిపిస్తే ఆ ఫోను పక్కన పెట్టేయడమే.

ఆసుపత్రులు, రైస్ మిల్లులు, లాడ్జీలు నడిపేవారికి ఒక మాట. మీ ఇంటర్‌కామ్ ఈపీఏబీఎక్స్ పెట్టె కూడా డయలర్ కాగలదు. బయటి నుంచి దాన్ని చేరే దారి తెరిచి ఉండి, పాస్‌వర్డ్ కొన్ననాటిదే ఉంటే, ఎవరో దూరం నుంచి మీ లైన్ల మీద విదేశాలకు కాల్స్ నడుపుతారు. సెలవు రోజుల్లో, రాత్రుళ్లలో నడుపుతారు, ఆఫీసులో చూసేవాళ్లు ఉండరు కాబట్టి. పెట్టె బిగించినతన్ని పిలిపించి పాస్‌వర్డ్ మార్పించండి, దూరం నుంచి లోపలికి వచ్చే సౌకర్యాన్ని మూయించండి, ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఐఎస్‌డీ కావాలో దానికి మాత్రమే ఉంచండి.

నాలుగో పని: డబ్బు అడగడం

కీప్యాడ్ ఫోను నుంచి కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కు కాల్ చేసి బిల్లు మీద ఫిర్యాదు నమోదు చేయండి. మీ ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు చెప్పేదాకా పెట్టేయవద్దు. ఆ నంబరు, తేదీ, మాట్లాడిన వేళ బిల్లు మీదే రాయండి. మూడు విషయాలు స్పష్టంగా చెప్పాలి: ఈ కాల్స్ నేను చేయలేదు, ఫలానా తేదీన ఐఎస్‌డీ ఆపమన్నాను, ఆ తర్వాతి మొత్తంతో నాకు సంబంధం లేదు. వివాదం లేని మొత్తాన్ని గడువులోగా కట్టేయండి. మొత్తం ఎగ్గొడితే కనెక్షన్ తెంచడానికి వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్టు అవుతుంది.

జవాబు నచ్చకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. 30 రోజుల్లోగా అప్పీలు చేయాలి, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలులో గీతలు గీసిన కాల్ వివరాల కాగితం, దొరికిన యాప్ పేరు కనిపించే ఫొటో జతచేయండి. యాప్‌ను తీసేసే ముందే మరో ఫోనుతో ఆ తెరను ఫొటో తీసుకోవాలి. దొంగను పట్టిన ఉత్సాహంలో ఈ పని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఫోను ఖర్చుకు తోడు బ్యాంకు ఖాతా నుంచి కూడా డబ్బు పోయి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కు కాల్ చేయండి. అక్కడ గంటలు కూడా లెక్కే. ఆపైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి. విదేశీ నంబరు నుంచి వచ్చిన మిస్డ్ కాల్‌ను కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో నమోదు చేయవచ్చు.

జర్మనీలో ఈ తగాదా 2004 మార్చిలో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇంటివాళ్లకు తెలియకుండా చేరిన డయలర్ చేసిన కాల్స్‌కు వాళ్లు కట్టనక్కర్లేదని, ఆ కాల్స్‌తో ఆదాయం పొందే కంపెనీయే ఆ ముప్పు భరించాలని తీర్పు వచ్చింది. మన దగ్గర ఆ తీర్పు చెల్లదు, అప్పీలులో దాన్ని ఉదాహరించినా ఎవరూ తల వంచరు. కానీ అందులోని వాదనను మీ మాటల్లో రాస్తే తప్పు లేదు. నేను ఒకరికి రాసిచ్చిన అప్పీలులో రాశాను. సగం మొత్తం మాఫీ అయింది. 2003లో నా బిల్లు మాత్రం పైసా తగ్గలేదు, అప్పుడు నాకు అప్పీలు అనే మాటే తెలియదు.

వచ్చే నెల బిల్లు రాగానే అదే పేజీ మళ్లీ తీయండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు వరుసలు ఖాళీగా ఉంటే సిమ్‌ను స్మార్ట్‌ఫోనులోకి మార్చుకోవచ్చు. ఐఎస్‌డీని మాత్రం నిజంగా అవసరం పడిన రోజునే తెరిపించుకోండి.